లిమిటింగ్ రియేజెంట్: తక్కువ గ్రాములు ఉన్నదే ముందు అయిపోదా?

కొత్త_మోల్

అందరికీ నమస్తే. మోల్ లెక్కల్లో మిగతావి ఓ మాదిరిగా వస్తున్నాయి కానీ లిమిటింగ్ రియేజెంట్ (ముందు అయిపోయి చర్యని ఆపేసే పదార్థం) దగ్గరికి వచ్చేసరికి తల తిరుగుతోంది. లెక్క ఇది:

50.0 గ్రాముల నైట్రోజన్, 12.0 గ్రాముల హైడ్రోజన్ కలిసి అమోనియాగా మారితే గరిష్ఠంగా ఎన్ని గ్రాముల అమోనియా వస్తుంది? ఏది ఎంత మిగులుతుంది?

1 నైట్రోజన్ + 3 హైడ్రోజన్ → 2 అమోనియా

హైడ్రోజన్ 12 గ్రాములే ఉంది. పైగా ఒక్కో నైట్రోజన్ అణువుకి మూడు హైడ్రోజన్ అణువులు కావాలి. అంటే హైడ్రోజనే ముందు అయిపోవాలి కదా? వెనక జవాబుల్లో మాత్రం నైట్రోజన్ అని ఉంది. అచ్చు తప్పా?

బ్యూరెట్‌బాబు

అచ్చు తప్పేం కాదండీ. సమీకరణంలో ఉన్న 1, 3, 2 అనే అంకెలు గ్రాములవి కావు, అణువుల సంఖ్యలవి. మీరు వాటిని గ్రాముల పక్కన పెట్టి చూస్తున్నారు.

ముందు రెండింటినీ మోల్స్‌లోకి మార్చండి. మోల్ అంటే డజను లాంటి లెక్క, కాకపోతే చాలా పెద్ద సంఖ్య. గ్రాముల్ని ఒక మోల్ బరువుతో (మోలార్ ద్రవ్యరాశితో) భాగిస్తే మోల్స్ వస్తాయి.

నైట్రోజన్: 50.0 ÷ 28.02 = 1.784 మోల్స్
హైడ్రోజన్: 12.0 ÷ 2.016 = 5.952 మోల్స్

చూశారా, 12 గ్రాముల హైడ్రోజన్‌లో ఉన్న అణువులు 50 గ్రాముల నైట్రోజన్‌లో కంటే మూడు రెట్లు మించి ఉన్నాయి. హైడ్రోజన్ అంత తేలిక మరి.

ఇప్పుడు ఉన్న నైట్రోజన్ మొత్తం ఖర్చవ్వాలంటే హైడ్రోజన్ ఎంత కావాలి? 3 × 1.784 = 5.353 మోల్స్. మన దగ్గర 5.952 ఉంది. సరిపోయి ఇంకా మిగులుతోంది. కాబట్టి ముందు అయిపోయేది నైట్రోజనే.

అమోనియా: 2 × 1.784 = 3.569 మోల్స్, అంటే 3.569 × 17.03 = 60.8 గ్రాములు
మిగిలే హైడ్రోజన్: 5.952 − 5.353 = 0.599 మోల్స్, అంటే 1.2 గ్రాములు

సరిచూసుకోవడానికి: వేసింది 62.0 గ్రాములు, చివర ఉన్నది 60.8 + 1.2 = 62.0. సరిపోయింది.

లెక్కలపిచ్చి

ఇంకా తేలిక దారి ఉంది. ప్రతి దాని మోల్స్‌ని సమీకరణంలో దాని ముందున్న అంకెతో భాగించండి. ఏది తక్కువ వస్తే అదే లిమిటింగ్.

నైట్రోజన్: 1.784 ÷ 1 = 1.784
హైడ్రోజన్: 5.952 ÷ 3 = 1.984

అంతే. నైట్రోజన్.

సందేహాల_పుట్ట

ఇంత దాకా ఎందుకు? మోల్స్ తక్కువ ఉన్నదే లిమిటింగ్ అనేస్తే పోలా? ఇక్కడ నైట్రోజన్ 1.784, హైడ్రోజన్ 5.952. నైట్రోజన్ తక్కువ, జవాబూ నైట్రోజనే. నేనెప్పుడూ ఇలాగే చేస్తాను, మార్కులు వస్తూనే ఉన్నాయి.

పాత_మాస్టారు

వస్తూనే ఉంటాయి బాబూ, పేపర్ తయారుచేసినవాళ్లకి మనసొచ్చినన్నాళ్లు. ఈ లెక్క చేసి చూడు.

2 అల్యూమినియం + 3 క్లోరిన్ → 2 అల్యూమినియం క్లోరైడ్

అల్యూమినియం 0.200 మోల్స్ (5.40 గ్రాములు), క్లోరిన్ 0.250 మోల్స్ (17.7 గ్రాములు). ఏది లిమిటింగ్?

గ్రాములు చూస్తే అల్యూమినియం తక్కువ. మోల్స్ చూసినా అల్యూమినియమే తక్కువ. రెండు అడ్డదారులూ ఒకే మాట చెబుతున్నాయి. రెండూ తప్పే.

0.200 మోల్స్ అల్యూమినియం పూర్తిగా ఖర్చవ్వాలంటే 0.300 మోల్స్ క్లోరిన్ కావాలి. ఉన్నది 0.250. కాబట్టి క్లోరిన్ లిమిటింగ్. అల్యూమినియం క్లోరైడ్ 0.1667 మోల్స్, అంటే 22.2 గ్రాములు వస్తుంది. అల్యూమినియం 0.0333 మోల్స్, అంటే 0.90 గ్రాము మిగులుతుంది. 5.40 + 17.7 = 23.1, 22.2 + 0.9 = 23.1.

లెక్కలపిచ్చి గారు చెప్పిన భాగహారంతో చూసినా అంతే: 0.200 ÷ 2 = 0.100, 0.250 ÷ 3 = 0.0833. క్లోరిన్.

కొత్త_మోల్ అమ్మాయో అబ్బాయో తెలియదు గానీ, నీకు కూడా ఇదే చెబుతున్నాను. ఎంత ఉందన్నది ఎప్పుడూ ప్రశ్న కాదు. సమీకరణం అడిగే నిష్పత్తితో పోలిస్తే ఎంత ఉందన్నదే ప్రశ్న.

కొత్త_మోల్

అమ్మాయినే మాస్టారూ 🙂 అల్యూమినియం లెక్క బాగా అర్థమైంది. కానీ ఆ భాగహారం దేనికో అర్థం కాలేదు. 1.784, 1.984 అని వచ్చాయి సరే, అవి ఏమిటి? నైట్రోజన్ మోల్స్ 1.784 అని తెలుసు. హైడ్రోజన్ 1.984 అంటే దేని మోల్స్?

లెక్కలపిచ్చి

అది అడగాల్సిన ప్రశ్నే. చాలామంది సూత్రం బట్టీపట్టి వదిలేస్తారు.

సమీకరణాన్ని ఒక విడతగా అనుకోండి. ఒక విడత నడిస్తే 1 మోల్ నైట్రోజన్, 3 మోల్స్ హైడ్రోజన్ ఖర్చయి 2 మోల్స్ అమోనియా వస్తుంది. ఇప్పుడు హైడ్రోజన్ 5.952 మోల్స్ ఉంటే, హైడ్రోజన్ వరకు ఎన్ని విడతలు నడపొచ్చు? 5.952 ÷ 3 = 1.984 విడతలు. నైట్రోజన్ వరకు చూస్తే 1.784 విడతలు. రెండూ కలిసే నడవాలి కాబట్టి తక్కువ ఉన్న దగ్గరే ఆగిపోతుంది.

ఈ విడతల సంఖ్య దొరికితే లెక్క అయిపోయినట్టే. దాన్ని ప్రతి పదార్థం ముందున్న అంకెతో గుణిస్తే ఎంత ఖర్చయిందో, ఎంత వచ్చిందో తెలుస్తుంది. అమోనియా 2 × 1.784. ఖర్చయిన హైడ్రోజన్ 3 × 1.784. మళ్లీ మళ్లీ నిష్పత్తులు కట్టనక్కర్లేదు.

పై తరగతుల్లో దీన్నే చర్య విస్తృతి అనే పేరుతో చెబుతారు. పేరు ఇప్పుడే అవసరం లేదు.

బ్యూరెట్‌బాబు

నాకు మాత్రం మొదటిసారి నేర్చుకునేవాళ్లకి రెండు క్రియాజనకాల నుంచీ విడివిడిగా ఉత్పన్నం కట్టించడమే మంచిదనిపిస్తుంది. నైట్రోజన్ మొత్తం మారితే 60.8 గ్రాముల అమోనియా. హైడ్రోజన్ మొత్తం మారితే 67.6 గ్రాములు. తక్కువది జవాబు. ఎందుకు తక్కువది తీసుకుంటున్నామో కళ్లకి కనిపిస్తుంది.

సైకిళ్లు బిగించేచోట 10 ఫ్రేములు, 14 చక్రాలు ఉన్నాయనుకోండి. ఫ్రేముల లెక్కన 10 సైకిళ్లు, చక్రాల లెక్కన 7. బయటికొచ్చేవి 7. చక్రాలే సంఖ్యలో ఎక్కువ, అయినా అవే ఆపేశాయి.

పాత_మాస్టారు

సైకిల్ పోలిక బానే ఉంది గానీ, పిల్లలు తప్పుచేసే చోటుని అది దాటేస్తుంది. ఫ్రేములు, చక్రాలు లెక్కపెట్టి ఇచ్చారు కాబట్టి ఎవరికైనా వస్తుంది. అవే "40 కిలోల ఫ్రేములు, 21 కిలోల చక్రాలు" అని తూచి ఇస్తే? ఒక్కోటి ఎంత బరువో తెలుసుకుని ముందు సంఖ్యల్లోకి మార్చుకోవాలి. రసాయన శాస్త్రంలో మనకి ఎప్పుడూ తూచే ఇస్తారు. మోల్ పుట్టిందే ఆ మార్పిడి కోసం.

ఇంకొక మాట. బ్యూరెట్‌బాబు గారు రాసిన 67.6 గ్రాముల్ని ఎవరైనా గమనించారా? వేసింది మొత్తం 62.0 గ్రాములు. అందులోంచి 67.6 గ్రాములు ఎలా వస్తుంది? రాదు. ఆ అంకెలో మన దగ్గర లేని నైట్రోజన్ కూడా కలిసి ఉంది. ఉత్పన్నం ఒక్కటే ఉండే చర్యల్లో ఎప్పుడూ ఇంతే. మిగిలిపోయేదాన్ని పట్టుకుని ఉత్పన్నం కడితే అది వేసిన మొత్తం ద్రవ్యరాశి కంటే ఎక్కువే వస్తుంది. అల్యూమినియం లెక్కలో కట్టి చూడండి. అల్యూమినియం నుంచి 26.7 గ్రాములు వస్తుంది, వేసింది 23.1.

ఆ రెండు జవాబుల్నీ కూడేసేవాళ్లు కూడా ఉంటారు. 60.8 + 67.6 = 128.4 గ్రాములు అని రాసి, కింద రెండు గీతలు కూడా కొడతారు.

సందేహాల_పుట్ట

మాస్టారూ ఆ చివరి వాక్యం నన్ను ఉద్దేశించి కాదు కదా 😅

సరే, నా పద్ధతి పనికిరాదని ఒప్పుకోకుండా ఒక ప్రశ్న అడుగుతాను. అంకెలన్నీ 1 అయినప్పుడు మోల్స్ నేరుగా పోల్చొచ్చు కదా?

లెక్కలపిచ్చి

పోల్చొచ్చు. 1తో భాగిస్తే అదే వస్తుంది కాబట్టి. అది వేరే పద్ధతి కాదు, ఇదే పద్ధతి.

వాయువేగం

వాయువులైతే చాలాసార్లు మోల్స్ దాకా వెళ్లే పనే లేదు. ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని అవగాడ్రో 1811లోనే ప్రతిపాదించాడు. కాబట్టి ఘనపరిమాణాల నిష్పత్తే మోల్స్ నిష్పత్తి.

2 హైడ్రోజన్ + 1 ఆక్సిజన్ → 2 నీరు

30 మిల్లీలీటర్ల హైడ్రోజన్, 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఇస్తే: 30 ÷ 2 = 15; 20 ÷ 1 = 20. హైడ్రోజన్ లిమిటింగ్. ఆక్సిజన్ 15 ఖర్చయి 5 మిల్లీలీటర్లు మిగులుతుంది. చల్లబరిచి నీరు ద్రవమైతే గొట్టంలో ఉండే వాయువు ఆ 5 మిల్లీలీటర్లే.

గ్రాములతో ఇస్తే మాత్రం దీన్ని వాడకూడదు. అలాగే ప్రమాణ పరిస్థితుల్లో 1 మోల్ వాయువు 22.4 లీటర్లు అన్నది 1 అట్మాస్ఫియర్ పీడనానికి. 1 బార్ తీసుకుంటే 22.7 లీటర్లు. రెండూ 0 డిగ్రీల సెల్సియస్ దగ్గరే. మీ పుస్తకం ఏది వాడుతోందో చూసుకోండి, లేకపోతే లెక్కంతా సరిగ్గా చేసి చివరి అంకె దగ్గర జవాబు కలవక టెన్షన్ పడతారు.

కొత్త_మోల్

ద్రావణాలైతే? ఈ లెక్క నాకు అసలు మొదలుపెట్టడమే రావట్లేదు.

50.0 మిల్లీలీటర్ల 0.200 మొలార్ (లీటరుకి 0.200 మోల్స్) లెడ్ నైట్రేట్‌కి 75.0 మిల్లీలీటర్ల 0.200 మొలార్ పొటాషియం అయొడైడ్ కలిపారు. ఎంత లెడ్ అయొడైడ్ అవక్షేపం వస్తుంది? ద్రావణంలో మిగిలిన అయాన్ల గాఢత ఎంత?

1 లెడ్ నైట్రేట్ + 2 పొటాషియం అయొడైడ్ → 1 లెడ్ అయొడైడ్ + 2 పొటాషియం నైట్రేట్

పాత_మాస్టారు

మొలారిటీని లీటర్లలో ఉన్న ఘనపరిమాణంతో గుణిస్తే మోల్స్ వస్తాయి. అక్కడి నుంచి దారి పాతదే.

లెడ్ నైట్రేట్: 0.0500 × 0.200 = 0.0100 మోల్స్
పొటాషియం అయొడైడ్: 0.0750 × 0.200 = 0.0150 మోల్స్

మళ్లీ చూడు, అయొడైడ్ ఎక్కువ ఘనపరిమాణం, ఎక్కువ మోల్స్. 2తో భాగిస్తే 0.0075. లెడ్ నైట్రేట్ 0.0100. లిమిటింగ్ పొటాషియం అయొడైడ్.

మిగులు అడిగినప్పుడు నేను ఎప్పుడూ మూడు వరుసల పట్టిక వేయిస్తాను. మొదట, మార్పు, చివర.

లెడ్ నైట్రేట్: మొదట 0.0100, మార్పు −0.0075, చివర 0.0025
పొటాషియం అయొడైడ్: మొదట 0.0150, మార్పు −0.0150, చివర 0
లెడ్ అయొడైడ్: మొదట 0, మార్పు +0.0075, చివర 0.0075
పొటాషియం నైట్రేట్: మొదట 0, మార్పు +0.0150, చివర 0.0150

మార్పు వరుసలో మాత్రమే సమీకరణం అంకెల నిష్పత్తి ఉండాలి: 1, 2, 1, 2. మొదటి వరుసకీ, చివరి వరుసకీ ఆ నిష్పత్తితో సంబంధం లేదు. ఇది అర్థమైతే సగం తప్పులు పోతాయి.

అవక్షేపం: 0.0075 × 461.0 = 3.46 గ్రాములు. చక్కటి పసుపు రంగులో కిందికి దిగుతుంది. అందులో నీటిలో కరిగే కొంచెం భాగాన్ని ఈ లెక్కలో వదిలేస్తాం.

గాఢతలు నువ్వే కట్టి చూపించు.

కొత్త_మోల్

లెడ్ అయాన్లు: 0.0025 ÷ 0.0500 = 0.050 మొలార్
పొటాషియం: 0.0150 ÷ 0.0750 = 0.200 మొలార్
నైట్రేట్: 0.0200 ÷ 0.0500 = 0.400 మొలార్

లెక్కలపిచ్చి

రెండూ ఒకే గిన్నెలో ఉన్నాయి ఇప్పుడు. భాగించాల్సింది మొత్తం ఘనపరిమాణంతో, 125 మిల్లీలీటర్లతో.

లెడ్: 0.0025 ÷ 0.125 = 0.020 మొలార్
పొటాషియం: 0.0150 ÷ 0.125 = 0.120 మొలార్
నైట్రేట్: 0.0200 ÷ 0.125 = 0.160 మొలార్

సరిచూసుకోవడానికి ఒక మంచి మార్గం చెబుతాను. ద్రావణంలో ధనావేశం, రుణావేశం సమానంగా ఉండాలి. లెడ్‌కి +2, అంటే 0.040. దానికి పొటాషియం 0.120 కలిపితే 0.160. నైట్రేట్ 0.160. సరిపోయింది. మీరు రాసిన అంకెలతో చూస్తే 0.100 + 0.200 = 0.300, అటువైపు 0.400. జవాబుల పేజీ తెరవకుండానే తప్పు దొరికిపోయేది.

కొత్త_మోల్

ఈ ఆవేశాల చెకింగ్ ఎవరూ చెప్పలేదు ఇంతవరకు! అద్భుతం.

బ్యూరెట్‌బాబు

ల్యాబ్‌లో దీన్ని చూడాలంటే మెగ్నీషియం, హైడ్రోక్లోరిక్ ఆమ్లం చాలు. ఆమ్లం ప్రతిసారీ ఒకే కొలత తీసుకోండి. 50.0 మిల్లీలీటర్లు, 1.00 మొలార్ అనుకుందాం. అందులో 0.0500 మోల్స్ ఆమ్లం ఉంటుంది. ఒక మెగ్నీషియంకి రెండు ఆమ్లం కావాలి కాబట్టి 0.0250 మోల్స్ మెగ్నీషియం, అంటే 0.608 గ్రాముతో ఆమ్లం అయిపోతుంది.

0.1 గ్రాము, 0.2, 0.3 అని పెంచుకుంటూ వచ్చే హైడ్రోజన్‌ని కొలిచి గ్రాఫ్ గీస్తే 0.6 దాకా సరళరేఖలా పైకి వెళ్తుంది. ఆ తర్వాత ఎంత మెగ్నీషియం వేసినా హైడ్రోజన్ పెరగదు, గీత అడ్డంగా పడుకుంటుంది. గీత వంగిన చోట లిమిటింగ్ రియేజెంట్ మారింది. ఎడమవైపు మెగ్నీషియం, కుడివైపు ఆమ్లం.

గ్రాఫ్ లేకుండానే కూడా తెలుస్తుంది. బుడగలు పూర్తిగా ఆగాక అడుగున లోహం ముక్కలు మిగిలి ఉంటే ఆమ్లం అయిపోయినట్టు.

చాలామందికి ఇక్కడ ఇంకో గందరగోళం ఉంటుంది. ఆమ్లం గాఢత పెంచితే బుడగలు జోరుగా వస్తాయి కాబట్టి హైడ్రోజన్ కూడా ఎక్కువ వచ్చిందనుకుంటారు. మెగ్నీషియం లిమిటింగ్ అయినప్పుడు ఆమ్లం ఎంత పెంచినా చర్య త్వరగా ముగుస్తుందే తప్ప మొత్తం హైడ్రోజన్ మారదు.

సందేహాల_పుట్ట

మా నోట్సులో "12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలుంటే ఒక మోల్" అని ఉంది. ఇప్పుడది మారిందని ఎవరో అన్నారు. ఈ లెక్కలన్నీ మారిపోతాయా?

వాయువేగం

నిర్వచనం మారింది, లెక్కలు మారవు. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ కణాలు. అంతకుముందు ఆ సంఖ్యని కొలిచి కనుక్కునేవారు, ఇప్పుడు అదే నిర్వచనం. దానితో 1 మోల్ కార్బన్-12 సరిగ్గా 12 గ్రాములు అని చెప్పలేం, కానీ తేడా మన త్రాసులకి అందనంత చిన్నది.

ప్లాంట్_ఇంజనీర్

ఫ్యాక్టరీల వైపు నుంచి కొంచెం. పుస్తకంలో లిమిటింగ్ రియేజెంట్ అనుకోకుండా తగిలినట్టు ఉంటుంది. పరిశ్రమలో అది మనం ఎంచుకునేది. ఖరీదైనది పూర్తిగా వాడుకోవాలి, చవకైనది కావాలని ఎక్కువ వేస్తాం. ఇంధనం మండించేటప్పుడు గాలి లెక్క కంటే ఎక్కువ పంపేది అందుకే. ఆక్సిజన్ తక్కువైతే ఇంధనం వృథా అవడమే కాకుండా కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, అది ప్రమాదం.

పైన అమోనియా లెక్క మీద ఒక మాట. 60.8 గ్రాములన్నది కాగితం మీద గరిష్ఠం. నిజంగా హేబర్ పద్ధతిలో ఇది ద్విగత చర్య, అంటే వచ్చిన అమోనియా మళ్లీ విడిపోతూ కూడా ఉంటుంది; రెండు వైపుల వేగం సమానమయ్యే సమతాస్థితి దగ్గర ఆగిపోతుంది. ఒక్కసారి ఉత్ప్రేరకం మీదుగా పంపితే సుమారు 15 శాతమే అమోనియాగా మారుతుంది. వచ్చిన అమోనియాని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన నైట్రోజన్, హైడ్రోజన్‌లని మళ్లీ వెనక్కి పంపుతారు. అలా తిప్పుతూ ఉంటే చివరికి ఎక్కువ భాగం మారుతుంది.

సందేహాల_పుట్ట

అంటే దిగుబడి శాతం కూడా లిమిటింగ్ రియేజెంట్ లెక్కలోకే వస్తుందా? అమోనియా 45.6 గ్రాములే వచ్చిందంటే దిగుబడి 75 శాతం. అప్పుడు నైట్రోజన్ 25 శాతం మిగిలిందని రాయొచ్చా?

ప్లాంట్_ఇంజనీర్

45.6 ÷ 60.8 = 0.75, అంతవరకు సరే. శాతం ఎప్పుడూ లిమిటింగ్ రియేజెంట్ నుంచి కట్టిన గరిష్ఠం మీదే కట్టాలి.

నైట్రోజన్ మిగిలిందని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం. చర్య మధ్యలో ఆగి ఉండొచ్చు, అప్పుడు నైట్రోజన్ మిగులుతుంది. చర్య పూర్తయి, వచ్చిన పదార్థాన్ని వడకట్టేటప్పుడో ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి మార్చేటప్పుడో పోయి ఉండొచ్చు, అప్పుడు ఏమీ మిగలదు. పక్కన వేరే చర్య జరిగి వేరే పదార్థం అయి ఉండొచ్చు. దిగుబడి అంకె ఈ మూడింటిలో ఏది జరిగిందో చెప్పదు. ప్రశ్నలో "75 శాతం మాత్రమే చర్య జరిగింది" అని స్పష్టంగా ఉంటేనే మిగులు కట్టండి.

లెక్కలపిచ్చి

మీరు పక్క చర్య అన్నారు కాబట్టి, నాకు ఇష్టమైన చిక్కు లెక్క ఒకటి. 12 గ్రాముల కార్బన్‌ని 24 గ్రాముల ఆక్సిజన్‌లో మండిస్తే ఏమొస్తుంది?

కొత్త_మోల్

కార్బన్ 1 మోల్, ఆక్సిజన్ 0.75 మోల్. 1 కార్బన్ + 1 ఆక్సిజన్ → 1 కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ లిమిటింగ్. 0.75 మోల్ కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, 0.25 మోల్ కార్బన్ మిగులుతుంది. 33 గ్రాములు, 3 గ్రాములు.

లెక్కలపిచ్చి

ఆ ఒక్క చర్యే జరుగుతుందని ప్రశ్నలో ఉంటే మీ జవాబు సరైనదే. కానీ బాగా వేడిగా ఉన్న కార్బన్ పక్కన కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఏదీ మిగలకుండా రెండు వాయువుల మిశ్రమం వస్తుందని ప్రశ్న చెబితే లెక్క వేరు.

డయాక్సైడ్ అయిన కార్బన్ ఎన్ని మోల్స్ అయితే అన్ని మోల్స్ ఆక్సిజన్ పడుతుంది, మోనాక్సైడ్ అయినదానికి అందులో సగం పడుతుంది. కార్బన్ మొత్తం 1, ఆక్సిజన్ మొత్తం 0.75. రెండూ కుదరాలంటే డయాక్సైడ్ 0.5 మోల్, మోనాక్సైడ్ 0.5 మోల్. ఆక్సిజన్ 0.5 + 0.25 = 0.75. బరువు 22 + 14 = 36 గ్రాములు.

లిమిటింగ్ రియేజెంట్ అనే మాట ఒక సమీకరణానికి మాత్రమే చెందుతుంది. ఏ సమీకరణమో తెలియకపోతే ఆ ప్రశ్నకి అర్థం లేదు.

నిర్వాహకురాలు

చర్చ బాగా సాగుతోంది. "నా హోంవర్క్ మొత్తం చేసిపెట్టండి" అంటూ ఇక్కడే కొత్త లెక్కలు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. మీ ప్రయత్నం చూపించి అడగండి.

బ్యూరెట్‌బాబు

మధ్యలో అంకెలు కుదించడం గురించి ఎవరూ అనలేదు, అందుకే చెబుతున్నా. అమోనియా లెక్కలో నైట్రోజన్ 1.784ని 1.8 అని రాసేసుకుంటే అమోనియా 61.3 గ్రాములు వస్తుంది. 60.8 కాదు. క్యాలిక్యులేటర్లో ఉన్నది అలాగే ఉంచి, చివర్లో ఒక్కసారే కుదించండి. రెండు విడతల సంఖ్యలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ముందే కుదిస్తే లిమిటింగ్ రియేజెంటే తారుమారు కావచ్చు.

పాత_మాస్టారు

అమ్మాయీ, ఇక ఒకటి నువ్వే చెయ్యి. మూడు క్రియాజనకాలు.

2 కాల్షియం ఫాస్ఫేట్ + 6 సిలికా + 10 కార్బన్ → 1 ఫాస్ఫరస్ + 6 కాల్షియం సిలికేట్ + 10 కార్బన్ మోనాక్సైడ్

ఫాస్ఫరస్ నాలుగు పరమాణువుల అణువు, మోలార్ ద్రవ్యరాశి 123.9. కాల్షియం ఫాస్ఫేట్ 1.0 మోల్, సిలికా 2.4 మోల్స్, కార్బన్ 6.0 మోల్స్. ఫాస్ఫరస్ ఎంత? మిగిలేవి ఎంత?

సందేహాల_పుట్టా, నువ్వు మోల్స్ తక్కువ ఉన్నదాన్ని చూసి చెప్పకు.

సందేహాల_పుట్ట

చెప్పను మాస్టారూ. (కాల్షియం ఫాస్ఫేట్ అని నోటిదాకా వచ్చింది.)

కొత్త_మోల్

కాల్షియం ఫాస్ఫేట్: 1.0 ÷ 2 = 0.50
సిలికా: 2.4 ÷ 6 = 0.40
కార్బన్: 6.0 ÷ 10 = 0.60

సిలికా లిమిటింగ్, 0.40 విడతలు.

ఫాస్ఫరస్: 0.40 మోల్, 49.6 గ్రాములు
మిగిలిన కాల్షియం ఫాస్ఫేట్: 1.0 − 0.8 = 0.2 మోల్
మిగిలిన కార్బన్: 6.0 − 4.0 = 2.0 మోల్స్

బరువు కూడా చూశాను. వేసినవి 310.2 + 144.2 + 72.1, సుమారు 526 గ్రాములు. చివర మిగిలిన ఫాస్ఫేట్ 62.0, కార్బన్ 24.0, ఫాస్ఫరస్ 49.6, సిలికేట్ 278.8, మోనాక్సైడ్ 112.0. అవీ సుమారు 526.

పాత_మాస్టారు

భేష్. జతలు జతలుగా పోల్చి ఉంటే మూడు పోలికలు చేసి ఎక్కడో తప్పిపోయేవాళ్లు. మూడు దాటితే నేనూ భాగహారమే వాడతాను, బ్యూరెట్‌బాబు గారు ఏమీ అనుకోకూడదు.

బ్యూరెట్‌బాబు

మూడు దాటితే నేనూ అంతే మాస్టారూ. రెండింటికి మాత్రం నా పద్ధతి వదలను.

సందేహాల_పుట్ట

ఇందులోనే ఒక సందేహం. ఇంకొంచెం సిలికా వేస్తే ఫాస్ఫరస్ పెరుగుతూనే ఉంటుందా?

కొత్త_మోల్

నేను చెప్పనా? పెరుగుతుంది, కానీ 0.50 విడతల దాకే. అక్కడ కాల్షియం ఫాస్ఫేట్ అయిపోతుంది. దానికి సిలికా 6 × 0.50 = 3.0 మోల్స్ కావాలి, అంటే ఇంకో 0.6 మోల్, 36 గ్రాములు. అప్పుడు ఫాస్ఫరస్ 0.50 మోల్, సుమారు 62 గ్రాములు. కార్బన్ 1.0 మోల్ అప్పటికీ మిగిలే ఉంటుంది. ఆపైన వేసిన సిలికా అలాగే ఉండిపోతుంది.

లెక్కలపిచ్చి

సరిగ్గా చెప్పారు.